గాలి ఆడని మార్చిలో మా వలల్ని భీమిలి వైపు లాగేదెవరు?

పూడిమడక కుర్రాడు | శనివారం, రాత్రి 9:12
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

మా మావ ముప్పై ఏళ్లుగా వేటకెళ్తున్నాడు. ఆయన మాట ఒకటుంది: "దసరా ఎల్లిందంటే నీరు కాకినాడేపు దిగిపోద్ది. శివరాత్రి ఎల్లిందంటే భీవిలేపు తిరిగిపోద్ది." మా పూడిమడకకి కాకినాడ నైరుతి దిక్కున, భీమిలి ఈశాన్యాన ఉంటాయి. చిన్నప్పుడు పట్టించుకోలేదు. ఈ ఏడాది మార్చిలో నేనూ వెళ్లాను. తెల్లారకట్ల ఒక్క పిసరు గాలి లేదు, సముద్రం నూనె పోసినట్టు ఉంది. వల దింపి, ఇంజన్ ఆపి, ఫ్లాస్కులో టీ పోసుకున్నాం. టీ అయ్యేసరికి మేం వదిలిన చోటు ఎక్కడో వెనకుంది. జీపీఎస్ చూస్తే గంటకి మూడు కిలోమీటర్ల చొప్పున ఈశాన్యానికి పోతున్నాం. వల బెండ్లు కూడా మాతోపాటే వరసగా వచ్చేస్తున్నాయి.

నా సందేహం ఇది. నీటిని గాలే తోస్తుందని బడిలో చెప్పారు. మార్చిలో గాలి లేదు, నీరు మాత్రం ఈడ్చేస్తోంది. జూలైలో గాలికి నిలబడలేం, కానీ నీరు ఒక రోజు ఇటు, ఒక రోజు అటు. లెక్క తిరగబడినట్టుంది కదా? ఇప్పుడు దసరా వెళ్లింది, మావ అన్నట్టే నీరు తిరిగింది కూడా.

భీమిలి బజ్జీ | శనివారం, రాత్రి 9:30
లాగేది మేమే. చేపలు మావైపు రావాలని గట్టు మీంచి తాడేసి లాగుతున్నాం. ఎవరికీ చెప్పకండి.

కాకినాడ కాజా | శనివారం, రాత్రి 9:41
పోటు, పాటు వల్లేమో? ఆటుపోట్లకి నీరు అటూ ఇటూ కదులుతుంది కదా.

పూడిమడక కుర్రాడు | శనివారం, రాత్రి 9:55
పోటూ పాటూ ఆరు గంటలకోసారి మారిపోతాయండి. ఇది నెలల తరబడి ఒకే వైపు పోతుంది.

కెల్విన్ మాష్టారు | ఆదివారం, ఉదయం 6:50
పూడిమడక తమ్ముడూ, మీ మావగారు రెండు పండగలతో చెప్పేసినదానికి మాకు క్లాసులో మూడు వారాలు పట్టేది. రిటైరయ్యాక ఇలాంటి ప్రశ్న చదివి చాలా రోజులైంది. కాఫీ చల్లారినా పర్వాలేదని కూర్చున్నాను.

మీరు చూసినదాని పేరు తూర్పు భారత తీర ప్రవాహం. ఫిబ్రవరిలో ఉత్తరానికి తిరుగుతుంది, మార్చి–ఏప్రిల్‌లో మంచి ఊపు మీద ఉంటుంది, మే దాకా సాగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దానికి ఒక స్థిరమైన బుద్ధి ఉండదు. తీరంలో ఒకచోట ఉత్తరానికి పోతుంటే ఇంకోచోట దక్షిణానికి పోతుంది. అక్టోబరులో దక్షిణానికి తిరిగి, నవంబరులో బలపడి, డిసెంబరు దాకా శ్రీలంక వైపు దిగుతుంది. అమెరికా తూర్పు తీరంలో గల్ఫ్ స్ట్రీమ్, జపాన్ దగ్గర కురోషియో ఏడాదంతా ఒకే దిక్కుకి పోతాయి. మనది ఏడాదికి రెండుసార్లు ముఖం తిప్పుకుంటుంది. సోమాలియా తీరంలోదీ అంతే, కొంకణ్–కేరళ వైపుదీ అంతే.

ఎంత నీరు అంటారా? 1991 మార్చి–ఏప్రిల్‌లో ఓడ వేసుకుని వెళ్లి కొలిచినప్పుడు సెకనుకు సుమారు కోటి ఘనపు మీటర్లు అని తేలింది. ఆ సంఖ్య చెబితే ఎవరికీ ఏమీ అనిపించదు, అందుకని క్లాసులో ఇలా చెప్పేవాణ్ణి. 1986 ఆగస్టు వరద గుర్తున్నవాళ్లు ఉంటారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. ఘనపు మీటర్లలోకి మారిస్తే సెకనుకు లక్ష కూడా నిండదు. అలాంటి గోదావరులు వంద పక్కపక్కన పారుతున్నాయనుకోండి. వేసవిలో మీ పడవ కింద నుంచి పోయేది అదీ.

ఇక గాలి సంగతి. కోనసీమలో కాలవ గట్టు మీద నిలబడి "ఇక్కడ వాన లేదే, కాలవలోకి నీళ్లెలా వచ్చాయి?" అని ఎవరైనా అడుగుతారా? తలుపులెత్తింది ధవళేశ్వరంలో అని అందరికీ తెలుసు. సముద్రంలో కూడా అంతే. మీ నెత్తి మీద గాలి ఆడకపోవచ్చు, తలుపు ఇంకెక్కడో ఎత్తారు. ఎక్కడ ఎత్తారన్నది సాయంత్రం రాస్తాను, మనవరాలు పిలుస్తోంది.

సింగపూర్ సీమాన్ | ఆదివారం, ఉదయం 8:05
మాష్టారు చెప్పింది ఓడ మీద డబ్బుల్లో కనిపిస్తుంది. చెన్నై నుంచి వైజాగ్ 330 మైళ్ల చిల్లర అనుకోండి, నాటికల్ మైళ్లు. పన్నెండు నాట్లలో, అంటే గంటకి పన్నెండు నాటికల్ మైళ్ల చొప్పున నడిపితే 27 గంటల పైన. ఏప్రిల్‌లో ఒక నాటు నీరు తోడొస్తే పాతిక గంటలకే, ఓడని రేవులోకి నడిపించే పైలట్ కోసం ఎదురుచూస్తాం. నవంబరులో అదే నాటు ఎదురొస్తే ముప్పై. ఒకే ఓడ, ఒకే ఇంజన్, నాలుగైదు గంటల నూనె తేడా. కుర్రాడిగా ఉన్నప్పుడు మా చీఫ్ ఆఫీసర్ నవంబరులో ఉత్తరానికి వెళ్లేటప్పుడు తీరానికి ఎంత దూరంగా గీత గీయాలో పదిసార్లు చెరిపి గీసేవాడు. ఎందుకో అప్పట్లో తెలిసేది కాదు.

ఉప్పాడ గట్టు | ఆదివారం, ఉదయం 9:20
వంద గోదావరులు అంటున్నారు. అయితే మా ఉప్పాడని మింగుతున్నది ఇదేనన్నమాట! మా తాత కట్టిన ఇల్లు ఇప్పుడు సముద్రంలో ఉంది. రోడ్డు ఎన్నిసార్లు వేశారో, ఎన్ని రాళ్లు పోశారో లెక్కే లేదు.

ఇసుక లెక్క | ఆదివారం, ఉదయం 10:02
ఉప్పాడ అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ దొంగ వేరే. నేను హార్బర్ పనుల్లో ఇరవై ఏళ్లు చేశాను కాబట్టి చెప్తున్నాను.

మాష్టారు చెప్పే ప్రవాహం లోతు నీటిలో, ఒడ్డుకి చాలా దూరంగా పోతుంది. ఇసుకని కోసేది అలలు విరిగే చోట, ఒడ్డుని ఆనుకుని ఉన్న కొన్ని వందల మీటర్ల పట్టీలో. అల ఏటవాలుగా వచ్చి తగిలితే ఇసుక రేణువు కాస్త పక్కకి జరుగుతుంది, మళ్లీ తగిలితే మళ్లీ జరుగుతుంది. నైరుతి రోజుల్లో అలలు దక్షిణం నుంచి వస్తాయి కాబట్టి ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య గాలుల్లో వెనక్కి. మొత్తం మీద ఏడాదికి ఉత్తరానికి పోయేదే ఎక్కువ. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ చూడండి, గోదావరి తెచ్చిన ఇసుక ఉత్తరానికి నడిచి నడిచి తోకలా సాగింది. ఆ తోక సాగేకొద్దీ అలలు విరిగే చోటు మారింది, పైగా నది తెచ్చే ఇసుక ఆనకట్టల వెనక ఆగిపోయింది. మీ ఊరి కష్టంలో ఈ రెండిటికీ వాటా ఉంది. వైజాగ్‌లో కూడా హార్బర్ దగ్గర ఆగిన ఇసుకని తవ్వి ఆర్కే బీచ్‌లో పోస్తుంటారు, అదీ ఈ కథే.

రెండూ ఉత్తరం–దక్షిణం అంటాయి కాబట్టి జనం కలిపేస్తారు. పత్రికలవాళ్లూ కలిపేస్తారు.

ఉప్పాడ గట్టు | ఆదివారం, ఉదయం 10:15
దొంగ ఎవడైతేనేం, ఇల్లు పోయింది. సరే, తెలిసింది. థాంక్స్ అన్నా.

సిక్కోలు చిన్నోడు | ఆదివారం, మధ్యాహ్నం 1:33
మరయితే మా రథం సంగతేటి? 2022 మేలో అసని తుఫానప్పుడు మా సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకి బంగారు రంగు రథం కొట్టుకొచ్చింది కదా. నేను వెళ్లి చూశాను. జనం తాళ్లు కట్టి ఒడ్డుకి లాగారు. మయన్మార్‌ది అన్నారు, ఇంకో దేశానిది అన్నారు. అదీ ఈ నీరే తెచ్చిందా?

కెల్విన్ మాష్టారు | ఆదివారం, సాయంత్రం 5:10
సిక్కోలు బాబూ, తీరం వెంబడి ప్రవాహం మేలో ఉత్తరానికి పోతుంది, అది తూర్పు నుంచి వస్తువుల్ని మోసుకురాదు. రథం ఎత్తుగా ఉంది, నీటిలో మునిగింది తక్కువ, గాలికి దొరికింది ఎక్కువ. తెరచాప ఎత్తినట్టే. అసని అండమాన్ దగ్గర పుట్టి వాయవ్యంగా మన తీరం వైపు వచ్చింది. తుఫాను కేంద్రానికి ఉత్తరాన గాలి తూర్పు నుంచి వీస్తుంది. కాబట్టి ఆఖరి అంకంలో దాన్ని తోసింది గాలేనని నా అభిప్రాయం.

ఇప్పుడు పొద్దుటి బాకీ. తలుపులు ఎక్కడెక్కడ ఎత్తుతారంటే, ఒకచోట కాదు.

మొదటిది మీకు తెలిసిందే, తీరం మీద వీచే గాలి. రెండోది బంగాళాఖాతం నడిబొడ్డు మీద గాలి. వేసవికి ముందు అక్కడి గాలి తిరిగే తీరు వల్ల నీరు మధ్యలో పోగవుతుంది. భూభ్రమణం వల్ల ఆ గుట్ట చుట్టూ నీరు గడియారం ముల్లులా తిరుగుతుంది. ఈ చక్రానికి పడమటి అంచు మనది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఏ మహాసముద్రంలోనైనా పడమటి అంచున ప్రవాహం ఇరుకై, వేగంగా పారుతుంది. అందుకే మార్చిలో మీ టీ చల్లారకముందే పడవ జరిగిపోయింది.

మూడోది, నాకు చాలా ఇష్టమైనది. భూమధ్యరేఖ దగ్గర ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మే లోనూ అక్టోబరు–నవంబరు లోనూ, పడమటి గాలులు వీచి నీటిని సుమత్రా వైపు తోస్తాయి. 1973లో క్లౌస్ విర్ట్‌కీ అనే సముద్ర శాస్త్రవేత్త దీన్ని వివరించాడు కాబట్టి ఆ పరుగునీటికి ఆయన పేరే పెట్టారు. ఆ నీరు సుమత్రాకి తగిలి ఊరుకోదు. అక్కణ్ణుంచి ఒక అల బయల్దేరుతుంది. ఒడ్డున విరిగే అల కాదు, కంటికి ఆనదు. ఎత్తు జానెడు కూడా ఉండదు, పొడవు వేల కిలోమీటర్లు. తీరాన్ని ఎప్పుడూ కుడిచేతి వైపు ఉంచుకుని నడుస్తుంది. గుడిలో ప్రదక్షిణ ఎలా చేస్తాం? దేవుణ్ణి కుడివైపు ఉంచుకునే కదా. అలాగే సుమత్రా, మయన్మార్, బంగ్లాదేశ్, ఒడిశా, తర్వాత మనం. రోజుకి రెండొందల కిలోమీటర్ల చొప్పున నడిచి రెండు మూడు వారాల్లో మన ముందుకొస్తుంది. దీన్ని కెల్విన్ అల అంటారు, నా పేరు ఈ అల నుంచి తెచ్చుకున్నదే. నవంబరులో మీ వలని కాకినాడ వైపు లాగేవాళ్లలో ఇదీ ఉంటుంది.

జూలైలో ఏమవుతుందంటే, తీరపు గాలి ఉత్తరానికి తోస్తుంది, నడి సముద్రం నుంచి వచ్చే ప్రభావం దక్షిణానికి లాగుతుంది. తాడాటలో రెండు జట్లూ సమానంగా ఉంటే తాడు ఎటు కదులుతుంది? గాలి ఎంత హోరుమన్నా నీటికి దిక్కు కుదరనిది అందుకే. 1990ల మధ్యలో ఈ ఒక్కొక్క జట్టునీ కంప్యూటరులో విడదీసి చూశాకే ఇది కొంత తేటపడింది.

పూడిమడక కుర్రాడు | ఆదివారం, రాత్రి 8:20
మాష్టారూ, మావకి చదివి వినిపించాను. ప్రదక్షిణ మాటకి నవ్వాడు. తర్వాత ఆయనే ఇంకోటి చెప్పాడు. జెట్టీ మెట్ల మీద నాచు గీత ఉంటుంది. ఎంత పెద్ద పోటైనా మార్చిలో నీరు ఆ గీత దాకా రాదట, కార్తీకంలో గీత దాటి ఇంకో మెట్టు మునుగుతుందట. రెండూ పున్నమి పోట్లే అయినా సరే. దీనికీ దానికీ సంబంధం ఉందా?

కెల్విన్ మాష్టారు | ఆదివారం, రాత్రి 8:58
మీ మావగారిని ఒకసారి మా ఇంటికి తీసుకురండి, భోజనం పెడతాను.

సంబంధం ఉండటం కాదు, అదే ఇది! ఉత్తరార్ధగోళంలో పెద్ద ప్రవాహానికి కుడివైపు నీటిమట్టం ఎత్తుగా ఉంటుంది. మార్చిలో నీరు ఉత్తరానికి పోతుంటే కుడివైపు నడి సముద్రం, ఎడమవైపు మన ఒడ్డు. ఒడ్డున మట్టం దిగుతుంది. నవంబరులో దక్షిణానికి పోతుంటే కుడివైపు మన ఒడ్డు, ఇక్కడ మట్టం లేస్తుంది. విశాఖ హార్బరులో ఆటుపోట్ల కొలపరికరం ఎప్పణ్ణుంచో ఉంది. పోటూ పాటూ తీసేసి నెలవారీ సగటు చూస్తే మార్చి ప్రాంతంలో అడుగున, నవంబరు ప్రాంతంలో పైన ఉంటుంది, మధ్య తేడా అడుగుకి పైమాటే. మెట్టెంత ఎత్తుంటుంది? నాచు గీత ఆ పరికరం చెప్పిందే చెబుతోంది.

వాల్తేరు అప్లాండ్స్ | సోమవారం, ఉదయం 7:15
చరిత్ర పిచ్చోణ్ణి, కాస్త పక్కకి వెళ్తాను. 1950ల్లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, నౌకాదళం ఓడల మీద మన కుర్రాళ్లని వెంటబెట్టుకుని బంగాళాఖాతాన్ని కొలిచాడు. వాల్తేరు ముందు వేసవిలో లోపలి చల్లనీరు పైకి రావడం, తీరానికి దూరంగా సముద్రం అడుగున ఉన్న లోయలు ఆ రోజుల్లోనే బయటపడ్డాయి. మన దేశంలో సముద్ర శాస్త్రం పాఠంగా మొదలైన చోట్లలో వాల్తేరు ఒకటి. వైజాగ్‌లో పుట్టి పెరిగినవాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇంకొకటి. ఒడిశావాళ్ల బాలియాత్ర కార్తీక పున్నమికి కదా. పాత కళింగ నావికులు బయల్దేరింది ఆ రోజుల్లోనే అంటారు. ఈశాన్యపు గాలి వీపున, దక్షిణానికి దిగే నీరు అడుగున. మన కళింగపట్నం నుంచి తెరచాప ఎత్తినవాళ్లకీ అదే లెక్క అయ్యుంటుంది. ఇది నా ఊహ, రాతలో ఆధారం అడగొద్దు.

గచ్చిబౌలి గోపి | సోమవారం, ఉదయం 9:48
సిల్లీ ప్రశ్న. ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం హైదరాబాద్‌లో ప్రగతినగర్ దగ్గర ఎందుకుంది? మా దగ్గర హుస్సేన్ సాగర్ తప్ప ఏముంది?

సింగపూర్ సీమాన్ | సోమవారం, ఉదయం 10:20
సునామీ వస్తే తడవకుండా హెచ్చరిక పంపాలి కదా బాబూ.

ఇసుక లెక్క | సోమవారం, ఉదయం 10:41
జోకు పక్కన పెడితే, 1999లో పెట్టారు. వాళ్లకి కావలసింది ఉపగ్రహం, కంప్యూటరు, నెట్టు. అలలు, ప్రవాహాల ముందస్తు అంచనాలూ, చేపలు దొరికే చోట్ల సూచనలూ అక్కణ్ణుంచే రేవులకి వెళ్తాయి. సముద్రంలో కొలిచే పని వేరేవాళ్లు చేస్తారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు పూరీ, గోపాల్‌పూర్, కల్పాక్కం లాంటి చోట్ల ఒడ్డున రాడార్లు పెట్టారు, అవి రేడియో తరంగాలతో పైనీటి వేగం చూస్తాయి. గోవాలోని జాతీయ సముద్ర శాస్త్ర సంస్థ (ఎన్‌ఐఓ) వాళ్లు గోపాల్‌పూర్, విశాఖ, కాకినాడ, కడలూరుల ముందు లోతునీటిలో లంగరు వేసి ధ్వనితో కొలిచే పరికరాలు దించారు. వేటకెళ్లే తమ్ముళ్లూ, అలాంటి తాడు మీ వలకి చిక్కితే దయచేసి కోయకండి.

జాలరిపేట 2 | సోమవారం, మధ్యాహ్నం 12:30
వల చిక్కితే మా వల ఎవరిస్తారండి? ఆ మాట కూడా రాయండి.

ఇసుక లెక్క | సోమవారం, మధ్యాహ్నం 12:52
న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు.

మోడరేటర్ | సోమవారం, మధ్యాహ్నం 2:05
నష్టపరిహారం, పార్టీల గురించి వచ్చిన ఏడు పోస్టులు తీసేశాను. వాటికి వేరే దారం ఉంది. ఇక్కడ నీటి గురించే.

కాకినాడ కాజా | సోమవారం, రాత్రి 9:15
నాకొక అనుమానం. దీపావళి రోజుల్లో సముద్రస్నానం చేస్తే నోట్లో పడ్డ నీళ్లు అంత ఉప్పగా ఉండవు. మా అమ్మమ్మ కూడా అనేది. భ్రమా?

కెల్విన్ మాష్టారు | సోమవారం, రాత్రి 9:50
భ్రమ కాదు, ఈ కథలో రుచిగల భాగమే అది. గంగ, బ్రహ్మపుత్ర ఆగస్టు ప్రాంతంలో నిండుగా పారి, నీటినంతా బంగాళాఖాతం నెత్తిన పోస్తాయి. ఆ నీరు తేలిక కాబట్టి పైన తేలుతుంది. అక్టోబరులో ప్రవాహం దక్షిణానికి తిరగగానే ఆ మంచినీటిని మన ఒడ్డు పక్కనుంచే దించుకుపోతుంది. సుమారు వంద కిలోమీటర్ల వెడల్పు పట్టీ, ఒడిశా నుంచి కన్యాకుమారి వైపు రెండున్నర నెలల ప్రయాణం. శాస్త్రవేత్తలే దాన్ని సముద్రంలో నది అన్నారు.

దాన్ని కనిపెట్టింది ఎవరనుకున్నారు? జాలర్లు. 2005 నుంచి మన దేశపు తీరం వెంబడి ఎనిమిది చోట్ల, అయిదు రోజులకోసారి, మోకాలి లోతు నీటిలో దిగి సీసా నింపి ఇచ్చారు. ఆ సీసాల్లో ఉప్పు కొలిస్తే, మామూలుగా కిలో నీటికి 34 గ్రాములుండేది ఉత్తరాన అందులో పది గ్రాములకు పైగా తగ్గిపోయింది. 2014లో ఆ పరిశోధన అచ్చయింది. ఓడలు, ఉపగ్రహాలు సరిగా పట్టుకోలేని సన్నని పట్టీని సీసాలు పట్టుకున్నాయి.

అన్ని ఏళ్లూ ఒకేలా ఉండదు. 1997, 2006, 2019 లాంటి ఏళ్లలో హిందూ మహాసముద్రం తూర్పున చల్లబడి పడమట వేడెక్కుతుంది. అప్పుడు సుమత్రా నుంచి రావలసిన ప్రదక్షిణ బలహీనపడుతుంది, దక్షిణానికి దిగే నీటి జోరు తగ్గుతుంది, మంచినీరు తమిళనాడు కొస దాకా చేరేది తక్కువ. ఈ తేలికనీటి పొర దుప్పటిలా కప్పి కింది చల్లనీటిని పైకి రానివ్వదు కూడా. అక్టోబరు–నవంబరు తుఫాన్లకి కావలసిన వేడి పైనే మిగిలి ఉండటానికి అదొక కారణం.

డైరీ రాజు | సోమవారం, రాత్రి 10:30
ఈ దారంలో నాకు పనేముంటుందా అనుకున్నా, దొరికింది. నీళ్లలో ఉప్పెంతో కొలవాలంటే మా పాలకేంద్రంలో లాక్టోమీటరు ఉంది కదా! పాలలో నీళ్లు కలిపారో లేదో చెప్పేది సాంద్రత చూసేగా.

ఇసుక లెక్క | సోమవారం, రాత్రి 10:44
రాజు గారూ, దండం. నిజంగానే పనిచేస్తుంది. లాక్టోమీటరు మీద 25 అంటే సాంద్రత 1.025, మామూలు సముద్రపు నీరు దాదాపు అక్కడే నిలుస్తుంది. కిలోకి పది గ్రాముల ఉప్పు తగ్గితే ఏడెనిమిది గీతలు దిగాలి. ఒకే వేడిమి దగ్గర చూడాలి, బకెట్టు నీడలో పెట్టి.

పూడిమడక కుర్రాడు | బుధవారం, ఉదయం 7:40
పాలకేంద్రంలో అడిగి తెచ్చాను. "సముద్రంలో కూడా పాలు పిండుతున్నారా" అని వెక్కిరించారు. పొద్దున్నే ఒడ్డున మోకాలి లోతులో బిందె ముంచి, నీడలో పెట్టి చూశాను. 16 దగ్గర ఆగింది!!! మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే.

కాకినాడ కాజా | బుధవారం, ఉదయం 7:52
అమ్మమ్మ గెలిచింది.

కెల్విన్ మాష్టారు | బుధవారం, ఉదయం 8:30
తొందరపడకండి. పూడిమడకలో గెడ్డ, అదే వాగు, సముద్రంలో కలుస్తుంది కదా, బిందె ముంచింది దానికి ఎంత దూరంలో? మొన్న వానలు పడ్డాయి. మీరు కొలిచింది బ్రహ్మపుత్ర నీరో, మీ ఊరి గెడ్డ నీరో ఎలా తెలుస్తుంది?

పూడిమడక కుర్రాడు | బుధవారం, ఉదయం 8:41
అయ్యో. గెడ్డ పక్కనే.

జాలరిపేట 2 | బుధవారం, ఉదయం 9:10
లోపల పది కిలోమీటర్లు పోయి ముంచితే గెడ్డ గొడవ ఉండదు.

పూడిమడక కుర్రాడు | బుధవారం, రాత్రి 9:25
మావ రేపు మూడింటికి బయల్దేరుతున్నాడు. మూతలున్న సీసాలు నాలుగిచ్చాను, ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో అంకె రాసి. గెడ్డ దాటాక ఒకటి, అయిదు కిలోమీటర్ల దగ్గర ఒకటి, పది దగ్గర ఒకటి, వల వేసేచోట ఒకటి. "సీసాలో మందు పోసిచ్చేవోడు లేడు గానీ ఉప్పునీళ్లు పట్టుకు రమ్మనేవోడు దొరికాడు" అని తిట్టాడు. ఫోన్లో జీపీఎస్ పెట్టి ఇచ్చాను. వచ్చాక అంకెలు పెడతాను.

డైరీ రాజు | బుధవారం, రాత్రి 9:33
లాక్టోమీటరు మాత్రం కడిగి తిరిగివ్వు. ఉప్పునీళ్లలో ముంచింది మళ్లీ పాలలో పెడితే నా ఉద్యోగం పోతుంది.